స్పీకర్లు మారిస్తే కారులో శాటిలైట్ రేడియో క్లారిటీ పెరుగుతుందా?

పెద్దగా పెరగదు, బేస్ కాస్త నిండుగా వస్తుంది గానీ ఎంత ఖరీదైన స్పీకర్లు బిగించినా సీడీలాంటి సౌండ్ మాత్రం రాదు. ఎందుకంటే లోపం సిగ్నల్లోనే ఉంది. అమెరికా, కెనడాల్లో ఈ సర్వీసు నడిపే సిరియస్ ఎక్స్‌ఎంకు 2320 నుంచి 2345 మెగాహెర్ట్జ్ దాకా, అంటే మొత్తం 25 మెగాహెర్ట్జ్ జాగాయే ఉంది, వందకు పైగా చానళ్లు అందులోనే ఇరకాలి, పైగా అవే చానళ్లను ఉపగ్రహాల నుంచీ నేల మీది టవర్ల నుంచీ పంపాలి కాబట్టి ఒక్కో చానల్ ఆడియోను గట్టిగా పిండేస్తారు, అంటే శబ్దంలోని సన్నని వివరాలు తీసేసి డేటా తగ్గిస్తారు. అలా పిండినప్పుడు పోయింది స్పీకర్ వెనక్కి తేలేదు.

ఒకే పాటను యూఎస్‌బీలో విని, తర్వాత శాటిలైట్‌లో వినండి. మొదటిదాంట్లో డ్రమ్స్ మీది సింబల్ (కంచు పళ్లెం) ఛంగ్‌మని మోగి మెల్లగా సన్నగిల్లుతుంది, రెండోదాంట్లో సుయ్‌మని నీళ్ల చప్పుడులా చెదిరిపోతుంది. మంచి స్పీకర్లలో ఈ తేడా ఇంకా బాగా దొరికిపోతుంది, అదే తమాషా.

పాత కారులో రిసీవర్ విడిగా పెట్టించుకుంటే ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ (రిసీవర్ శబ్దాన్ని కారు ఎఫ్‌ఎం రేడియోకి గాల్లో పంపే పరికరం) వద్దు, ఆక్స్ వైరుతో (కారు స్టీరియోకి నేరుగా గుచ్చే ఆడియో వైరు) కలపండి, ఎఫ్‌ఎం దారిలో 15 కిలోహెర్ట్జ్ పైనుండే సన్నని, హై పిచ్ శబ్దం అంతా కోసుకుపోతుంది, పక్క స్టేషన్ల గోల అదనం. స్పీకర్ల కన్నా ముందు చేయాల్సింది ఇదే.

చాలామంది యాంటెన్నా మారిస్తే క్లారిటీ వస్తుందనుకుంటారు. ఇది డిజిటల్ సిగ్నల్, వస్తే పూర్తిగా వస్తుంది, లేకపోతే పాట మధ్యలో ఆగుతుంది. మంచి యాంటెన్నా ఆ ఆగడాన్నే తగ్గిస్తుంది.