ఐటీఐ వర్క్‌షాపుకూ పరిశోధనకూ ఏమిటి సంబంధం?

ఒడిశాలో రాయగడ వైపు ఒక ఐటీఐలో కొత్తగా చేరిన ఇన్‌స్ట్రక్టర్ అడిగిన ప్రశ్న ఇది: "సిలబస్ పైనుంచి వస్తుంది, పుస్తకం పైనుంచి వస్తుంది, పరీక్ష పత్రం కూడా పైనుంచే వస్తుంది. ఇక వృత్తి విద్యలో పరిశోధన అంటే ఎవరి కోసం? మనలాంటివాళ్లకు దానితో పనేమిటి?"

మీ ప్రశ్న చదవగానే నా మొదటి అయిదేళ్లు గుర్తుకొచ్చాయి. నేనూ అచ్చం ఇలాగే అనుకునేదాన్ని. గంజాం జిల్లాలో పదహారేళ్లుగా ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చెబుతున్నాను. మాది బరంపురంలో పట్టుచీరలు నేసిన దేవాంగుల కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పాఠ్యపుస్తకంలో ఇంగ్లీషు, ఈ మూడింటి మధ్యే పెరిగాను. మా ట్రైనీల్లోనూ అలాంటివాళ్లు చాలామంది.

నా ఆలోచన మారింది సూరత్ నుంచి వచ్చిన ఒక్క ఫోనుతో. మా జిల్లా కుర్రాళ్లు సూరత్ మరమగ్గాలకు ఎంతమంది వెళతారో మీకు తెలిసే ఉంటుంది. మా పాత విద్యార్థి ఒకడు అక్కడ మెయింటెనెన్స్‌లో చేరాడు. ఒక రాత్రి షిఫ్టులో మోటారు విచిత్రంగా ప్రవర్తించిందట. పచ్చ బటన్ నొక్కినంతసేపూ తిరుగుతుంది, వేలు తీయగానే ఆగిపోతుంది. వాడు మోటారు విప్పి చూశాడు, కేబుల్ మార్చాడు, చివరికి స్టార్టరే మార్చేశాడు. పాత స్టార్టర్‌లో హోల్డింగ్ కాంటాక్టుకు, అంటే బటన్ వదిలాక కూడా కరెంటు ఆగకుండా చూసే భాగానికి, వెళ్లే తీగ ఒకటి ఊడి ఉందని మర్నాడు ఇంకెవరో చూపించారు. కొత్త స్టార్టర్ ఖరీదు యజమాని వాడి జీతంలో కోశాడు. "మేడం, ఆ సర్క్యూట్ నేను పరీక్షలో గీశాను, మార్కులు కూడా వచ్చాయి" అన్నాడు. ఆ మాట చాలాకాలం నన్ను నిద్రపోనివ్వలేదు.

నేను ఒక నోటు పుస్తకం తీసుకుని వెనకటి రెండు బ్యాచ్‌ల పిల్లలకు వరుసగా ఫోన్లు చేశాను. అందరినీ అడిగినవి మూడే ప్రశ్నలు. రోజంతా నీ చేతులు చేస్తున్న పని ఏమిటి? మేము నేర్పినదాంట్లో ఒక్కసారి కూడా అక్కరకు రానిది ఏది? ఏది తెలియక ఎవరి ముందు తల దించుకోవలసి వచ్చింది?

కొత్త వైరింగ్ వేయడంలో ఎవరూ తడబడలేదు. తీగలను కలిపే బ్రిటానియా జాయింటు వేయమంటే ఇప్పటికీ కళ్లు మూసుకుని వేస్తారు. చెడిపోయినది ఎదురైనప్పుడు మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. తెలియకపోవడంలో వాళ్ల తప్పు లేదు. రెండేళ్లూ మేము వాళ్లకు చూపించినవన్నీ సరిగ్గా పనిచేసే సర్క్యూట్లే.

పాత విద్యార్థులను వెతికి పట్టుకుని అడగడాన్ని ట్రేసర్ స్టడీ అంటారని నాకు తరువాత తెలిసింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2003లో ఐటీఐల మీద ఒక నివేదిక ప్రచురించింది. అందుకు ఎంచుకున్న రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర, ఒడిశా. అంటే సరిహద్దుకు ఇటూ అటూ ఉన్న మన పిల్లల గురించే. ఆస్ట్రేలియాలో 1981 నుంచి వృత్తి విద్య పరిశోధనకు విడిగా ఒక జాతీయ కేంద్రం ఉంది. శిక్షణ ముగించినవాళ్లు ఏ పనిలో ఉన్నారో, నేర్చుకున్నది ఎంతవరకు పనికొచ్చిందో అది ఏటా అడిగి ప్రచురిస్తుంది. అక్కడ ప్రభుత్వమే చేసే పనిని నేను నోటు పుస్తకంతో చేశాను, అంతే తేడా.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. నా జాబితాలో సగం నంబర్లు పనిచేయలేదు. దొరికినవాళ్ల మాటలే రాసుకుని అదే మొత్తం కథ అనుకున్నాను. తరువాత స్నేహితుల ద్వారా, ఊళ్లలో బంధువుల ద్వారా కొందరి జాడ తెలిసింది. ట్రేడ్ వదిలేసినవాళ్లు ఎక్కువగా ఆ దొరకనివాళ్లలోనే ఉన్నారు. ఆడపిల్లలయితే ఇచ్ఛాపురం దాటి పంపేది లేదన్నారని ఇంట్లోనే ఆగిపోయారు. మీరు ఈ పని మొదలుపెడితే ఫోను ఎత్తనివాళ్ల కోసమే ఎక్కువ సమయం ఉంచుకోండి.

ఇక వర్క్‌షాపులో ఏమి మారిందో చెబుతాను. శనివారం మధ్యాహ్నాన్ని లోపాల కోసం కేటాయించాను. ట్రైనీలు రాకముందే స్టార్టర్ ప్యానెల్‌లో ఒక తీగ వదులు చేస్తాను, లేదా కాలిపోయిన కాయిల్ బిగిస్తాను. ప్యానెల్ లోపల చేయి పెట్టే ముందు ముగ్గురేసి కలిసి కాగితం మీద రాయాలి: ఏమి జరుగుతోంది, ఏమి జరగడం లేదు, దేన్ని అనుమానిస్తున్నాం. ఆ తరువాత సప్లై తీసేసి మల్టీమీటరుతో ఒక్కో అనుమానాన్నీ కొట్టేసుకుంటూ పోవాలి. మొదటి వారం సూరత్ లోపాన్నే పెట్టాను. నలభై నిమిషాలు పట్టింది. బుగుడ దగ్గరి పల్లె నుంచి వచ్చే ఒక అమ్మాయి పచ్చ బటన్ మీద వేలు అలాగే ఉంచి, "మేడం, నా వేలు చేస్తున్న పని లోపల ఇంకేదో చేయాలి కదా, అది చేయడం లేదు" అంది. హోల్డింగ్ కాంటాక్టు గురించి అంతకన్నా చక్కని వివరణ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

డాకమ్ అనే పద్ధతి గురించి కూడా తెలుసుకోండి. 1960లలో కెనడాలో పుట్టింది. ఒక వృత్తిలో ఆరితేరిన కొద్దిమంది పనివాళ్లను ఒకచోట కూర్చోబెట్టి, వాళ్ల పని ఏమిటో వాళ్ల నోటితోనే చెప్పించి, ఒక్కో పనినీ ఒక్కో కార్డు మీద రాసి గోడకు అంటిస్తారు. పాఠాల జాబితా ఆ గోడ మీద నుంచి పుడుతుంది. నేను బరంపురంలో మోటారు రివైండింగ్ చేసే నలుగురు మేస్త్రీలను ఒక ఆదివారం టీకి పిలిచాను. చుట్లు లెక్కపెట్టడం, వార్నిష్, బేరింగులు, ఇవన్నీ నేను ఊహించినవే. నేను ఊహించని కార్డు ఒకటి వచ్చింది. మోటారు తెచ్చిన రైతును ఏమేమి అడగాలి? ఎప్పుడు ఆగింది, ఆగేముందు ఏ శబ్దం వచ్చింది, వాసన వచ్చిందా, ఆ రోజు ఊళ్లో కరెంటు ఎలా ఉంది? సగం పని ఆ నాలుగు మాటల్లోనే తేలిపోతుందని పెద్ద మేస్త్రీ అన్నారు. ఇది మా సిలబస్‌లో ఎక్కడా లేదు.

నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించిన పరిశోధన మాత్రం దర్జీల మీద జరిగింది. జీన్ లేవ్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 1970లలో లైబీరియాలో దర్జీల దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లను గమనించారు. వాళ్లు బట్ట కత్తిరించడంతో మొదలుపెట్టరు. ముందు గుండీలు, అంచులు, ఇస్త్రీ, తరువాత కుట్టడం, అన్నిటికన్నా చివర కత్తిరింపు. గుండీ వంకరపోతే విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు, బట్ట తప్పు కత్తిరిస్తే పోయినట్టే. ఇది చదివి మా అమ్మకు చెప్పాను. "నీకు మాత్రం మొదట ఏమి ఇచ్చాం? కండెలు చుట్టమనే కదా" అంది. నిజమే. పిల్లలకు ముందు కండెలు, తరువాత పడుగు తెగితే అతకడం, ఎన్నో ఏళ్లకు గానీ మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడె చేతికి రాదు. మా ఇంటి మగ్గానికి ఈ వరుస తెలుసు. నా వర్క్‌షాపులో మాత్రం పుస్తకంలో అధ్యాయాలున్న వరుసే పాటించాను.

పైనుంచి వచ్చేవాటి సంగతి అంటారా, అక్కడా పరిశోధన పేరున్న సంస్థలే ఉన్నాయి. 1968లో కోల్‌కతాలో పెట్టిన కేంద్ర సిబ్బంది శిక్షణ, పరిశోధన సంస్థ ఐటీఐ సిలబస్‌లు తయారుచేస్తుంది. వాళ్ల పని మీద నాకు గౌరవం ఉంది. నా బాధ వేరు. 2013లో సెమిస్టర్ పద్ధతి వచ్చింది, 2018లో మళ్లీ వార్షిక పద్ధతికి మారాం. ఆ అయిదేళ్లలో పిల్లలకు ఏది కలిసివచ్చింది, ఏది భారమైంది అని నన్నుగానీ నా తోటి ఇన్‌స్ట్రక్టర్లనుగానీ ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పడానికి మా దగ్గర చాలా ఉంది. అందుకే రాసిపెట్టుకోండి అంటున్నాను. తేదీ వేసి, బ్యాచ్ పేరు వేసి రాసింది ఉంటే సమావేశంలో మన మాటకు బరువు వస్తుంది. శనివారం తరగతికి వేళ ఇవ్వడానికి మా ప్రిన్సిపాల్ ఒప్పుకున్నది ఆ నోటు పుస్తకం చదివాకే.

మీ ట్రేడ్ ఏదో మీరు రాయలేదు. ఫిట్టర్ అయితే, రాయగడ చుట్టుపక్కల ఫ్యాక్టరీలలో పనిచేస్తున్న మీ పాత విద్యార్థులు ముగ్గురితో మొదలుపెట్టండి. ఆ మూడు ప్రశ్నలూ తెలుగులో, ఒడియాలో రాసుకున్న కాగితం నా దగ్గర ఉంది, కావాలంటే ఇక్కడే టైపు చేసి పెడతాను. కువి మాట్లాడే పిల్లలు మీ దగ్గర ఎక్కువ ఉంటారు కాబట్టి, ఆ భాష తెలిసినవారితో మీరే ఇంకొకటి రాయించుకోవాలి.