వర్గీకరణ వాక్యం దగ్గర ఆగు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి అమ్మాయికి,

ఎడారిలో దొరికిన రాతి ఉల్క మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష చక్కగా ఉంది. కానీ ముప్పాతిక భాగం నక్షత్రాలూ విశ్వరహస్యాలే. రాయి మాత్రం ఎక్కడా కనబడలేదు. చివర్లో "దీన్ని ఎల్5, ఎస్3, డబ్ల్యూ2గా వర్గీకరించారు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నన్నడిగితే వ్యాసం అక్కడే మొదలవ్వాలి.

ఆ వరుస చూడు. ఎల్ అనేది పుట్టుక: కాండ్రైట్లు అనే రాతి ఉల్కల్లో మొత్తమ్మీద ఇనుము తక్కువున్న కుటుంబం. 5 అంటే తల్లి గ్రహశకలం లోపల వేడికి రాయి ఎంత మారిందో. ఎస్3 అంటే అంతరిక్షంలో తిన్న దెబ్బ తీవ్రత. డబ్ల్యూ2 అంటే భూమ్మీద పడ్డాక పట్టిన తుప్పు. సుమారు 456 కోట్ల ఏళ్ల కథ, కాలక్రమం కూడా తప్పకుండా, నీ చేతికి అందింది. ఇంకేమీ కల్పించక్కర్లేదు.

ఇప్పుడు ఒక్కోదాన్నీ ఎలా కనుక్కున్నారో చూపించు. రాయిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి పోలరైజింగ్ మైక్రోస్కోప్ కింద పెడతారు. కాండ్రూల్స్ అనే చిన్న గుండ్రటి గింజల అంచులు టైప్ 3లో, అంటే వేడికి తక్కువ మారిన రాయిలో, గీత గీసినట్టు తెలుస్తాయి. 5కి వచ్చేసరికి మసకబారతాయి. 6లో చుట్టూ ఉన్న పదార్థంలో దాదాపు కలిసిపోతాయి. 5కీ 6కీ మధ్య గీత ఎక్కడన్నది చాలావరకు చూసే కంటి అనుభవం మీద ఉంటుంది. ఎల్ సంగతి అలా కాదు. మైక్రోప్రోబ్‌తో, అంటే ఎలక్ట్రాన్ పుంజంతో ఖనిజంలో ఏమేముందో కొలిచే పరికరంతో, ఒలివిన్ ఖనిజంలో ఇనుము వాటా, అంటే ఫాయలైట్ శాతం, కొలుస్తారు. మొత్తమ్మీద ఇనుము ఎక్కువున్న హెచ్ రకంలో అది సుమారు 16 నుంచి 20, ఎల్‌లో 22 నుంచి 26, ఇనుము ఇంకా తక్కువున్న ఎల్ఎల్‌లో అంతకన్నా ఎక్కువ. కొలిచినదాన్నీ చూసి అంచనా కట్టినదాన్నీ ఒకే గొంతుతో చెప్పకు.

ఇక్కడ పాఠకుడు తికమకపడతాడు. ఇనుము ఎక్కువున్న హెచ్ రకంలో ఫాయలైట్ తక్కువేమిటి అని. హెచ్‌లో ఇనుము ఎక్కువగా లోహంగానే మిగిలిపోయింది. ఎల్ఎల్‌లో చాలావరకు ఆక్సిజన్‌తో కలిసి ఖనిజాల్లోకి చేరింది. దీనికి ఒక పేరా పూర్తిగా ఇవ్వు, తొందరపడకు.

"ఎడారి ఉల్కను చెక్కుచెదరకుండా కాపాడింది" అన్న వాక్యం తీసెయ్యి. పొడి నేల తుప్పును నెమ్మదింపజేస్తుంది, ఆపదు. డబ్ల్యూ2 అంటేనే లోహంలో 20 నుంచి 60 శాతం దాకా తుప్పుగా మారిందని. సూర్యాస్తమయం, ఒంటెల బారు కూడా వద్దు. ఉల్క పేరు నార్త్‌వెస్ట్ ఆఫ్రికా అనీ పక్కన ఒక నంబరనీ ఉందంటే, సాధారణంగా అది దొరికిన చోటు కచ్చితంగా నమోదు కాలేదనే అర్థం. ఆ లోటును లోటుగానే రాయి.

అయస్కాంతం పెట్టి చూడమని పాఠకులకు సలహా ఇచ్చావు. అది అర్జెంటుగా మార్చు. బలమైన అయస్కాంతం తగిలితే రాయిలో దాగిన పురాతన అయస్కాంత ఆనవాళ్లు చెరిగిపోతాయి.

వర్గీకరించినవారిని ఫాయలైట్ ఎన్ని గింజల్లో కొలిచారు, విలువలు ఎంత దగ్గరగా ఉన్నాయి అని అడుగు. టైప్ 5 అయితే అవి దాదాపు ఒకేలా ఉండాలి, టైప్ 3లో చెదిరిపోయి ఉంటాయి. ఆ జవాబు వచ్చాకే రెండో ప్రతి పంపు.

ఆశీస్సులతో.