సంతకం మీది, ఫోను ఆయనదా?

ప్రశ్న: మేం హనుమకొండలో ఉంటాం. పంచాయతీరాజ్‌లో ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరు) నాకిది మొదటి పోస్టింగ్. పరకాల దగ్గర సీసీ రోడ్డు పనికి పోతే మేస్త్రీ నుంచి కాంట్రాక్టర్ దాకా ‘సారెప్పుడొస్తరమ్మా?’ అనే అడుగుతరు. రోజూ మా ఆయనే బండి మీద తీసుకొచ్చి పని అయ్యేదాకా ఉంటడు. కాంట్రాక్టర్ ఫోన్లు కూడా ఆయనే మాట్లాడుతడు. డ్రెస్సు మానేసి చీర కట్టుకుంటే గౌరవమిస్తరా?

జవాబు: అమ్మా, చీర సంగతి వదిలేయండి. దాంతో ఏమీ మారదు. ఆ ఫోన్ల సంగతి చూద్దాం.

ఆడపిల్ల కనబడగానే ఇంజినీరు కాదనుకోవడం వాళ్ల తప్పే. కానీ పక్కనే మీ ఆయన నిలబడి బిల్లుల గురించి జవాబులు చెబుతుంటే వాళ్లకు ‘సారు’ దొరికినట్టే కదా! ఆయనది ప్రేమే, కాదనను. పని కొలతలు రాసే ఎం-బుక్‌లో సంతకం మాత్రం మీది. రేపు విజిలెన్స్ వాళ్లు రోడ్డు కోసి మందం తక్కువుందంటే సంజాయిషీ ఇవ్వాల్సింది మీరే. అందుకే ఇవాళే ఆయనకు చెప్పండి: కాంట్రాక్టర్ ఫోన్ చేస్తే ఎత్తొద్దు, బండి ఊరి బయటే ఆపాలి. ఆయన చిన్నబుచ్చుకుంటాడు, నాలుగు రోజులు ముభావంగా ఉంటాడు. అయినా తగ్గకండి. ఒక్కదానివే ఎట్ల పోతవని అత్తమ్మ అడిగితే వర్క్ ఇన్‌స్పెక్టర్ వెంట ఉంటాడని చెప్పండి.

సైట్‌లో మళ్లీ ఆ మాట వస్తే నవ్వి ఊరుకోవద్దు. ‘ఈ పనికి ఏఈని నేనే, ఏమున్నా నాకే చెప్పండి’ అని కూలీలందరి ముందు ఒక్కసారి అని, వెంటనే టేపు తీయండి. కాంక్రీటు పోయకముందే రెండంచుల షట్టరింగ్‌కు దారం లాగి, మధ్యలో మూడు నాలుగు చోట్ల మందం చూడండి. పోశాక అంచే కనబడుతుంది, నడుమ తక్కువున్నా తెలియదు. పరచడం సులువని మిక్సర్‌లో నీళ్లు ఎక్కువ పోస్తారు, దాంతో బలం పోతుంది. కాంక్రీటు ఎంత పలచగా ఉందో చూపే స్లంప్ కోన్ పెట్టించండి. కోన్ ఎత్తగానే మిశ్రమం కుప్పకూలితే దాన్ని వాడనివ్వొద్దు. బలం పరీక్షకు పోసే 150 మిల్లీమీటర్ల కాంక్రీటు క్యూబులు మూడు కలిస్తే ఒక శాంపిల్. అవి మీ కళ్లముందే నింపించి, తేదీ, గుర్తు వేయండి. 28 రోజుల పరీక్షకు వెళ్లేవి అవే క్యూబులా కాదా అన్నది ఆ గుర్తుతోనే తేలుతుంది. పని ఆపితే కారణం సైట్ ఆర్డర్ బుక్‌లో రాసి కాంట్రాక్టర్ మనిషితో సంతకం పెట్టించండి. నోటిమాటైతే తెల్లారేసరికి ‘మేడమ్ ఏమనలేదు’ అంటారు.

కాంట్రాక్టర్ మిమ్మల్ని దాటి మీ పై అధికారి డీఈఈకి (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) ఫోన్ చేస్తాడు. అంతకంటే ముందే మీరు ఆయనకు విషయం చెప్పి, ‘నాతోనే మాట్లాడమనండి సార్’ అని అడగండి. మీ కొలతలు సరిచూసే చెక్ మెజర్‌మెంట్‌కు ఆయన వచ్చిన రోజు కాంట్రాక్టర్ ముందే కొలతలు మీరు చదవండి.