కథనంలో ‘రు’ ఎవరికిచ్చావు?

తమ్ముడూ,

నీ కథ చదివాను. నీకు ఎవరి మీదా పక్షపాతం లేదని ఉత్తరంలో రాశావు. ఆ మాట కాసేపు పక్కన పెట్టు. ఎదుటివాళ్లలో ఇట్టే కనిపెట్టే పక్షపాతాన్ని మనలో మనం చూడలేమని మనస్తత్వ శాస్త్రవేత్త ఎమిలీ ప్రోనిన్, మరో ఇద్దరు 2002లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. మనసులో వెతికితే దొరకదు. కాగితం మీద వెతుకు.

ముందు క్రియాపదాలు చూడు. నీ కథలో యజమాని ‘వచ్చారు’, డ్రైవరు ‘వచ్చాడు’, వంటావిడ ‘వచ్చింది’. ముగ్గురిదీ దాదాపు ఒకే వయసు. పాత్రలు ఒకరినొకరు ఎలా పిలుచుకుంటారో అది వాళ్ల సంగతి, సంభాషణల జోలికి వెళ్లకు. కథనం మాత్రం నీది. అక్కడ ‘రు’ ఇచ్చిందీ నువ్వే, ఎగ్గొట్టిందీ నువ్వే. పైగా వంటావిడకి పేరే పెట్టలేదు.

అంతకన్నా లోతుగా ఉండేది కారణాల లెక్క. యజమాని అబద్ధమాడినప్పుడు అప్పులు, కూతురి చదువు, నిద్రలేని రాత్రి అంటూ పేరా నిండా కారణాలే. డ్రైవరు అబద్ధమాడితే ‘అతని బుద్ధే అంత’ అన్న ఒక్క వాక్యంతో సరి. ఎదుటివాడి తప్పులో పరిస్థితిని తగ్గించి, స్వభావాన్నే పెద్దది చేసి చూసే ఈ అలవాటుకి మనస్తత్వ శాస్త్రవేత్త లీ రాస్ 1977లో ‘ప్రాథమిక ఆపాదన దోషం’ అని పేరు పెట్టాడు. రచయిత ఎవరిని తనవాడనుకున్నాడో ఇక్కడే బయటపడుతుంది. ఎర్ర పెన్సిలు తీసుకుని, ఏ పాత్ర చేసిన పనికి ఎన్ని కారణాలిచ్చావో గీతలు గీసి లెక్కపెట్టు. తేడా కనిపించగానే డ్రైవర్ని దేవుణ్ణి చేసెయ్యకు. చాలామంది చేసే పొరపాటు అదే, అదీ పక్షపాతమే. అతనికి ఒక అవసరం, ఒక భయం ఇస్తే చాలు.

పాత్ర ప్రవేశించగానే వాడిన మొదటి విశేషణాన్ని కూడా అనుమానించు. సాలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1946లో ప్రచురించిన ప్రయోగంలో ఒక మనిషిని ఆరు మాటల్లో వర్ణించాడు. ‘తెలివైనవాడు’తో మొదలై ‘అసూయపరుడు’తో ముగిసే ఆ వరసనే వేరేవాళ్లకి తిరగేసి వినిపిస్తే, వాళ్లకి ఆ మనిషి మీద అంత మంచి అభిప్రాయం కలగలేదు.

తర్వాత ఒక పేజీ వేరే కాగితం మీద ఎత్తిరాసి, యజమాని, డ్రైవరు ఇద్దరి పేర్లూ ఉద్యోగాలూ తారుమారు చేసి పైకి చదువు. నాలుక తడబడ్డ చోటల్లా గుర్తు పెట్టు. ప్రతి తడబాటూ పక్షపాతం కాదు. డ్రైవరు గంటలకొద్దీ ఎదురుచూడటం అతని ఉద్యోగంలో భాగం. కారణం కథలో ఉందా, నీ తలలోనే ఉందా అన్నది తేల్చుకో.

ఇక ముగింపు. ఇల్లు వదిలి వెళ్లినామెకి చివర్లో జబ్బు చేయించావు. ఆ జబ్బుకి దారితీసే సంఘటన కథలో ఒక్కటీ లేదు. ఆమె వెళ్లకూడదన్నది నీ విలువ. ఉంచుకో, తప్పులేదు. దానికోసం ఆమెకి శిక్ష వేసి అది విధి అని పాఠకుణ్ణి నమ్మించబోవడం మాత్రం అన్యాయం.

తిరగరాశాక ఇద్దరు ముగ్గురికి చదవడానికివ్వు. వాళ్లలో ఒకరు డ్రైవరుగా పనిచేసినవారైతే మరీ మంచిది. ‘బాగుందా?’ అని అడగకు, మొహమాటానికి బాగుందనేస్తారు. ఎవరి మీద కోపం వచ్చింది, ఏ వాక్యం దగ్గర వచ్చింది అని అడుగు. చెబుతున్నంతసేపూ సంజాయిషీ ఇవ్వకుండా ఆ వాక్యం పక్కన గీత గీసుకో.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య