2011లో కూర్చుని చూడు: ఒక కొత్త రచయిత్రికి ఉత్తరం

అమ్మాయ్,

నీ వ్యాసం చదివాను. ‘కెప్టెన్ అమెరికా: ది ఫస్ట్ అవెంజర్’ని ఇన్నేళ్ల తర్వాత మళ్లీ చూసి రాశానన్నావు. భాష బాగుంది. ఫ్యాన్స్ రాతల్లో ఉండే కేకలూ ఈలలూ లేవు, అదీ బాగుంది. చిక్కంతా ఒక్కచోటే. నువ్వు రాసింది 2011 సినిమా గురించి కాదు, దాని తర్వాత వచ్చినవాటి గురించి. ‘ఇది చూడగానే ఎండ్‌గేమ్ గుర్తొచ్చింది’, ‘సివిల్ వార్‌కి ఇక్కడే లీడ్ ఇచ్చేశారు’, ‘అవెంజర్స్‌లో ఐరన్ మ్యాన్ టోనీ అనబోయే మాటకి జవాబు ఇక్కడే ఉంది’ అంటూ పేరాకొక లింకు పెట్టుకుంటూ పోయావు. చదవడం అయ్యాక నాకు స్టీవ్ రోజర్స్, అంటే కెప్టెన్ అమెరికా అయ్యే ఆ మనిషి, కనపడలేదు. నీ జ్ఞాపకశక్తి కనపడింది.

కలెక్టరైన కుర్రాడి పదో తరగతి గ్రూప్ ఫోటో చూసి ‘అప్పుడే వాడి కళ్లలో కలెక్టర్ కనపడ్డాడు’ అంటారు చూడు చుట్టాలు, అచ్చం అలా ఉంది. ఫోటో తీసిన రోజున వాడి కళ్లలో ఉన్నది మర్నాటి లెక్కల పరీక్ష టెన్షన్. నాకు ఆ టెన్షన్ గురించి చెప్పు, ముందు.

ఈ సినిమా మార్వెల్ సూపర్‌హీరో సినిమాల వరసలో అయిదోది. ‘అవెంజర్స్’ వచ్చింది ఆ మరుసటి ఏడాది, 2012లో. అంటే ఇది థియేటర్లలోకి వచ్చిన రోజున, ఇంతమంది హీరోలని ఒక్క తెర మీదకి తెస్తే జనం చూస్తారో లేదో ఎవరికీ తెలియదు. పైగా హీరో జెండా రంగుల బట్టలు వేసుకుంటాడు, కథేమో రెండో ప్రపంచయుద్ధం నాటిది. ఈ రోజుల్లో ఆ బట్టల్ని చూసి ఎవరు నవ్వకుండా కూర్చుంటారన్న భయం సినిమా తీసినవాళ్లకి ఉండే ఉంటుంది. ఆ భయానికి వాళ్లేం విరుగుడు కనిపెట్టారో చూడు. హీరోని నవ్వులపాలు చేసింది వాళ్లే, ప్రేక్షకుడి కంటే ముందుగా. బక్కపలచటి స్టీవ్‌కి ఒక డాక్టరు మందుతో బలం వచ్చిన వెంటనే అతన్ని యుద్ధానికి పంపలేదు, స్టేజీ ఎక్కించారు. ఆడపిల్లల డాన్సుల మధ్య నిలబడి యుద్ధ బాండ్లు కొనమని అడిగే పని. వెనకాల పాట. దాని ట్యూను డిస్నీ బొమ్మల సినిమాలకి పాటలు కట్టిన ఆలన్ మెంకెన్‌ది, అందుకే సరదాగా, కొంచెం వెటకారంగా ఉంటుంది. స్టీవ్‌కి డైలాగులు నోటికి రావు. డాలు వెనక కాగితం అంటించుకుని, దాన్ని చూసి చదువుతాడు. హిట్లర్ వేషగాడు వెనకనుంచి వస్తాడు, పిల్లలు అరుస్తారు, ఇతను తిరిగి ఒక్కటిస్తాడు.

ఆ దెబ్బకి వెనక ఒక చరిత్ర ఉంది. నీ వ్యాసంలో దానికి చోటు దొరకలేదు. జో సైమన్, జాక్ కిర్బీ ఇద్దరూ యూదు కుటుంబాల్లో పుట్టినవాళ్లు. వాళ్లు చేసిన కెప్టెన్ అమెరికా మొదటి సంచిక మీద 1941 మార్చి అని ఉంటుంది కానీ, అంగళ్లలోకి వచ్చింది 1940 డిసెంబర్‌లోనే. అట్ట మీద మన హీరో హిట్లర్ దవడ పగలగొడుతుంటాడు. అమెరికా యుద్ధంలోకి దిగింది 1941 డిసెంబర్‌లో, పెర్ల్ హార్బర్ తర్వాత. దేశం ఇంకా గట్టున నిలబడి చూస్తున్న రోజుల్లో ఇద్దరు కుర్రాళ్లు వేసిన బొమ్మ అది. డెబ్బై ఏళ్లకి సినిమా దాన్ని స్టేజీ జోకుగా మార్చింది. ఇది గౌరవమా, చులకనా? నా మట్టుకు గౌరవమే అనిపిస్తుంది. నువ్వు కాదని వాదించినా వింటాను. అసలు అలాంటి ప్రశ్నే నీ వ్యాసంలో లేదని నా బాధ.

తర్వాతి సీన్ ఇటలీలో, 1943 నవంబర్. ముందు వరసలో ఉన్నది పిల్లలు కాదు, నిజంగా దెబ్బలు తిని వచ్చిన సైనికులు. టమాటాలు విసిరి ‘ఆ అమ్మాయిల్ని రమ్మను’ అని గేలి చేస్తారు. వాన. స్టీవ్ ఒక మూల కూర్చుని నోటుబుక్కులో బొమ్మ గీస్తుంటాడు. సర్కస్ కోతి, ఒంటి చక్రం సైకిలు మీద, చేతిలో డాలు, నక్షత్రం గుర్తు. తనే. ఏ మాటా లేకుండా ఆ కాగితం మీద అతని పరిస్థితి మొత్తం ఉంది. ఆ షాట్ గురించి నువ్వు ఒక్క ముక్క రాయలేదు. ఎందుకంటే ఆ కోతి తర్వాతి సినిమాల్లో ఎక్కడా రాదు.

డాలు సంగతికి వద్దాం. ‘చివరికి సామ్ చేతికి వెళ్లే డాలు’ అని, స్టీవ్ స్నేహితుడి పేరు చెప్పి, ఒకే వాక్యంలో తేల్చేశావు. అది 2019 నాటి ‘ఎండ్‌గేమ్’ కథ. 2011 సినిమా ఆ డాలుతో ఏం చేసిందో వరసగా చూడు. మొదట్లో బక్కపలచటి స్టీవ్ సినిమా హాల్లో న్యూస్‌రీల్ ఆడుతుండగా గోల చేసేవాణ్ణి నోరు మూసుకోమంటాడు. వాడు సందులోకి లాక్కెళ్లి కుళ్లబొడుస్తాడు. చేతికందిన చెత్తడబ్బా మూత తీసి అడ్డం పెట్టుకుంటాడు ఇతను. వాడు దాన్ని లాగి అవతల పారేస్తాడు. అంతే, అక్కడ ఎలివేషన్ లేదు, మ్యూజిక్ లేదు. తర్వాత గూఢచారిని వెంటాడేటప్పుడు ఊడిపోయిన టాక్సీ తలుపు. దాని మీద నక్షత్రం ఉంటుంది, టాక్సీ కంపెనీ గుర్తు. తర్వాత స్టేజీ డాలు, మొదటి సంచికలో ఉన్న ఆకారంలోనే. ఖైదీలని విడిపించడానికి ఆ నాటకాల డాలుతోనే శత్రువు ఫ్యాక్టరీలోకి వెళ్తాడు. విలన్ రెడ్ స్కల్ ఒక్క గుద్దు గుద్దితే సొట్ట పడుతుంది. ఇదంతా జరిగాక గానీ ఆయుధాలు కనిపెట్టే హోవార్డ్ స్టార్క్ బల్ల కింద ఆ గుండ్రటి డాలు దొరకదు. పోస్టర్ మీద ఉన్న వస్తువు హీరో చేతికి రావడానికి సినిమా అంతసేపు ఆగింది. చిట్టచివర యుద్ధం అయిపోయాక వీధిలో పిల్లలు ఆడుకుంటూ పరిగెడతారు. ఒకడి చేతిలో చెత్తడబ్బా మూత, దాని మీద రంగు వేసి నక్షత్రం.

ఒక్క పాత్రా ఈ వరస గురించి నోరెత్తదు. ఇంకే సినిమా చూడని మనిషికీ ఇది అందుతుంది. రెండోసారి చూసినందుకు మనకి దక్కే ఫలితం ఇలాంటిదే. కథ తెలిసిపోయింది కాబట్టి కళ్లు ఖాళీగా ఉంటాయి, వస్తువుల్ని చూడొచ్చు. నువ్వు ఆ కళ్లని మళ్లీ కథకే అప్పజెప్పావు, కాకపోతే తర్వాతి కథకి.

అలాగని లింకులన్నీ తీసిపారెయ్యమని అనడం లేదు. వాటిలో రెండు జాతులున్నాయి, విడదీసి రాయి. స్టీవ్ చిన్ననాటి స్నేహితుడు బకీ సంగతి తీసుకో. స్టీవ్ అతన్ని కనిపెట్టేసరికి శత్రువుల శాస్త్రవేత్త జోలా ప్రయోగశాలలో బల్ల మీద కట్టేసి ఉంటాడు. ఏం చేశారో సినిమా చెప్పదు. తర్వాత రైల్లోంచి లోయలో పడిపోతాడు, శవం చూపించరు. ఎడ్ బ్రూబేకర్ కామిక్స్‌లో బకీని, జ్ఞాపకాలు చెరిపేసిన హంతకుడు వింటర్ సోల్జర్‌గా 2005లోనే తిరిగి తెచ్చాడు కాబట్టి, సినిమా రాసినవాళ్లకి ఆ దారి తెలుసు. ఇది విత్తనమే, ధైర్యంగా రాసుకో. సందులో తన్నులు తింటూ ‘రోజంతా ఇలాగే నిలబడగలను’ అని స్టీవ్ అనే మాట వేరే జాతి. దాన్ని ‘సివిల్ వార్‌కి లీడ్’ అని రాశావు. కానీ అదే మాట ఈ సినిమాలోనే రెడ్ స్కల్ ముందు మళ్లీ అంటాడు. అక్కడితో దాని లెక్క సరిపోయింది, బాకీ ఏం లేదు. 2016లోనూ 2019లోనూ మళ్లీ వాడుకున్నారంటే, రాసేవాళ్లు వెనక్కి వెళ్లి పాత ఇంట్లో పనికొచ్చే సామాను ఏరుకొచ్చారన్నమాట. ఏరుకొచ్చినవాళ్లూ పాతవాళ్లే. క్రిస్టోఫర్ మార్కస్, స్టీఫెన్ మెక్‌ఫీలీ ఇద్దరూ 2011 సినిమా రాశారు, ‘ఎండ్‌గేమ్’ కూడా రాశారు. ఆ ఇద్దరూ ముందే అంతా ప్లాన్ చేశారని కాకుండా, తమ పాత సినిమాని శ్రద్ధగా మళ్లీ చదువుకున్నారని రాసి చూడు. నీకూ నాకూ పనికొచ్చే విషయం అదే కదా, రాసేవాళ్లం కాబట్టి.

ఇక సెకండాఫ్ గురించి. ఇక్కడ నువ్వు మొహమాటపడ్డావు. ప్రేమించిన సినిమాని మళ్లీ చూసేటప్పుడు అందరం పడతాం. కానీ పాఠకుడికి మొహమాటం వెంటనే తెలిసిపోతుంది. స్టీవ్‌కి దళం దొరికిన దగ్గర్నుంచి సినిమా పరుగు పెడుతుంది. ఏళ్ల పోరాటాన్ని ఒక మాంటేజ్‌లో తేల్చేశారు. దళంలో మనుషులు మీసాలుగా, టోపీలుగా గుర్తుంటారు తప్ప పేర్లుగా కాదు. శత్రువు తుపాకీలోంచి నీలం కాంతి వస్తుంది, తగిలినవాడు మాయం. నెత్తురు లేదు, శవం లేదు, ఏడ్చేవాళ్లు లేరు. నాజీలని పక్కకి నెట్టి రెడ్ స్కల్ నడిపే హైడ్రా ముఠాని ముందుకి తెచ్చారు, దాంతో యుద్ధం యుద్ధంలా లేకుండా పోయింది. ఆ కాంతికి మూలమైన నీలం పెట్టె ‘అవెంజర్స్’కి కావాలి కాబట్టి ఇక్కడ అంత పెద్దపీట. అసలు ఫ్రాంచైజీ ఈ సినిమా దగ్గర ఏం తీసుకుందని అడగాల్సిన చోటు ఇది. నువ్వు ఫ్రాంచైజీ ఇచ్చిందే లెక్కపెట్టావు.

ఫస్టాఫ్‌లో మాత్రం తొందర లేదు. దర్శకుడు జో జాన్‌స్టన్ 1991లోనే ‘ద రాకెటీర్’ తీశాడు, 1938 నాటి సాహస కథ. ఆ కాలమంటే అతనికి ఇష్టమని ఫ్రేము ఫ్రేములో తెలుస్తుంది. (అంతకుముందు పిల్లల్ని చీమంత చేసే సినిమా తీసినవాడూ ఇతనే. మళ్లీ ఇక్కడ హీరోని కుదించాడు. హీరో వేసిన క్రిస్ ఎవాన్స్‌ని కంప్యూటర్లో సన్నగా, పొట్టిగా చేశారు, కొన్ని షాట్లలో వేరే నటుడి ఒళ్లు వాడారు.) ఆపరేషన్ ముందు రాత్రి సీన్ చూడు. డాక్టర్ ఎర్స్‌కిన్ సీసా, రెండు గ్లాసులు తెచ్చి కూర్చుంటాడు. తను కనిపెట్టిన మందు మంచివాణ్ణి మరింత మంచివాడిగా, చెడ్డవాణ్ణి మరింత చెడ్డవాడిగా చేస్తుందని చెబుతాడు. ఏం జరిగినా మంచి మనిషిగా ఉండమని మాట తీసుకుంటాడు. తాగబోతుంటే గుర్తొస్తుంది, రేపు స్టీవ్‌కి ఆపరేషన్, తాగకూడదు. గ్లాసు లాక్కుని తను తాగేస్తాడు. మర్నాడు తూటా తగిలి పడిపోయినప్పుడు అతని నోట మాట రాదు. వేలు ఎత్తి స్టీవ్ గుండె మీద ఆనిస్తాడు. ముందు రాత్రి సీన్‌ని అంత తీరిగ్గా తీశారు కాబట్టే ఆ వేలు ఏం చెబుతోందో మనకి తెలుస్తుంది.

ఇంక చివర్లో రేడియో సీన్. నీకు 2019 తెలుసన్న సంగతి వాడుకోవాల్సింది ఇక్కడ, ఒకే ఒక్కసారి, దాచకుండా. స్టీవ్ ఉన్న విమానం మంచులోకి దిగిపోతోంది. స్టీవ్ మనసుపడ్డ పెగ్గీ, స్టీవ్ ఇద్దరూ వచ్చే వారం డాన్సుకి వెళ్దామని మాట్లాడుకుంటారు. స్టోర్క్ క్లబ్, శనివారం, రాత్రి ఎనిమిది. డాన్సు రాదని స్టీవ్ అంటాడు. నీ కాలు తొక్కేస్తానేమో అనబోతూ సగంలో ఉండగా రేడియో ఆగిపోతుంది. ‘ఎండ్‌గేమ్’ చూసినవాళ్లకి ఆ డాన్సు జరుగుతుందని తెలుసు కాబట్టి గుండె కొంచెం కుదుటపడుతుంది. నీకూ అలాగే అయిందని రాశావు, నిజాయితీగానే రాశావు. కానీ 2011లో ఆ కుదుట లేదు. వాక్యం సగంలో తెగింది, అంతే. మంచులో గడ్డకట్టిన అతను డెబ్బై ఏళ్ల తర్వాత నిద్ర లేచి, టైమ్స్ స్క్వేర్ మధ్యలో నిలబడి, తనకి ఒక డేట్ ఉండేదని అంటాడు. సినిమా అయిపోయింది. సూపర్‌హీరో సినిమాని అంత ఓటమి మాట మీద ఆపారంటే, అది మామూలు తెగింపు కాదు. తర్వాత వచ్చిన డాన్సు ఆ తెగింపుని మన కళ్లకి కనపడకుండా చేసింది. నేనైతే అదొక నష్టమే అంటాను. నువ్వు ఒప్పుకోవని తెలుసు, ఆ డాన్సు అంటే నీకు ప్రాణం. ఒప్పుకోకపోతే ఎందుకో రాయి, వ్యాసంలో అన్నిటికంటే బలమైన పేరా అదే అవుతుంది.

తిరగరాసే ముందు సినిమా ఇంకోసారి చూడు, ఆపకుండా. ఫోన్ అవతల గదిలో పెట్టు. రియాక్షన్ వీడియోలు, ‘మీరు గమనించని విషయాలు’ లాంటివి ఈ వారం ముట్టుకోకు, అందులో విన్నది నీ సొంత ఆలోచన అనిపించడం మొదలవుతుంది. చూశాక, నీకు ముందు గుర్తులేని సీన్లు మాత్రమే కాగితం మీద పెట్టు. గుర్తున్నవాటి గురించి లోకమంతా రాసేసింది. కథాసంగ్రహం మూడు వాక్యాలు దాటనివ్వకు. ‘ఎండ్‌గేమ్’ దాకా ఇరవై రెండు సినిమాలూ చూసినవాడికి అది అక్కర్లేదు, ఒక్కటీ చూడనివాడికి అది చాలదు.

రెండో ప్రతి నెలాఖరులోగా పంపు. అన్నట్టు, నాలుగో పేజీలో హోవార్డ్ స్టార్క్‌ని టోనీకి తాతని చేశావు. నాన్న. మార్చు.

ఉంటాను.