తొమ్మిది చుక్కల ముగ్గులో పదిహేడు అంకెల సంఖ్య

ప్రశ్న: మాది కావలి. ధనుర్మాసంలో తొమ్మిది చుక్కలు, సందు చుక్క, ఒకటి వచ్చేవరకు పెట్టి ముగ్గు వేస్తుంటాను. ఏడో తరగతి చదివే మా పాప ఏ వరసలో ఎన్ని చుక్కలో లెక్కపెట్టి, పై నుంచి కింది దాకా ఒకే సంఖ్యగా రాసింది: 12345678987654321. దీన్ని ఏవేవి భాగిస్తాయో చూద్దామని కంప్యూటర్లో స్ప్రెడ్‌షీట్‌లో కొడితే చివర 321 పోయి 300 వచ్చింది. ఏది నమ్మాలి? పది చుక్కలతో మొదలుపెడితే ఏమవుతుంది?

జవాబు: అమ్మా, పాప రాసిందే నమ్మండి. స్ప్రెడ్‌షీట్ 15 అంకెల వరకే ఉంచుకుంటుంది. మీ సంఖ్యలో 17 ఉన్నాయి కాబట్టి చివరి రెండు చోట్లా సున్నాలు పెట్టేసింది.

ఒంగోలులో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాను. 111111111ని 111111111తో బోర్డు మీద ఎన్నిసార్లు గుణించి చూపించానో! అది మా అమ్మ వాకిట్లో రోజూ వేసిన ముగ్గేనని మీ ఉత్తరం చూశాకే తెలిసింది. మీరూ గుణించి చూడండి. తొమ్మిది ఒకట్ల వరస, దాని కింద ఒక స్థానం జరిపి ఇంకొకటి, అలా తొమ్మిది వరసలు. ఇప్పుడు నిలువుగా కూడితే ఒక్కో స్థానంలో 1, 2, 3 అంటూ 9 దాకా పెరిగి మళ్ళీ 1కి దిగుతాయి. పాప సంఖ్య 111111111కి వర్గం. చుక్కలు మొత్తం 81, అంకెల మొత్తమూ 81.

ఇక భాగించేవి. 111111111 అంటే 111 × 1001001. ఇందులో 111 = 3 × 37, 1001001 = 3 × 333667. ఈ 333667 దగ్గర మాత్రం నేను రెండు సాయంత్రాలు కూర్చున్నాను. 578 × 578 దీన్ని దాటిపోతుంది కాబట్టి 577 వరకు ఉన్న 106 ప్రధాన సంఖ్యలతోనూ భాగించి చూడాలి మరి. ఒక్కటీ పోలేదు, అదీ ప్రధాన సంఖ్యే. కాబట్టి పాప సంఖ్యలో 3 నాలుగుసార్లు, 37 రెండుసార్లు, 333667 రెండుసార్లు ఉన్నాయి. భాగించే సంఖ్యలోకి 3ని అసలు తీసుకోకపోవడం నుంచి నాలుగుసార్లు తీసుకోవడం దాకా 5 దారులు, అలాగే 37కి 3, 333667కి 3. అంటే దాన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు 5 × 3 × 3 = 45.

మామూలుగా ఇవి జతలుగా వస్తాయి, ఒకదాన్ని దేనితో గుణిస్తే పాప సంఖ్య వస్తుందో అది దాని జత. మరి 45 బేసి సంఖ్య ఎలా అయింది? 111111111కి జత అదే. పాపకు ఇది చెప్పకండి, అడగండి.

పది చుక్కలైతే నడిమి వరసలో 10 వస్తుంది. ఒక అంకె చోట రెండంకెలు పట్టవు. సున్నా వేసి ఒకటి పక్క స్థానానికి పంపాలి, అక్కడి 9 కూడా పదై ఇంకో ఒకటి పంపుతుంది, అక్కడి 8 తొమ్మిదవుతుంది. పది ఒకట్ల వర్గం 1234567900987654321. చుక్కలు 100, అంకెల మొత్తం 82. రెండుసార్లు పదిని ఒకటిగా మార్చాం, మార్చినప్పుడల్లా తొమ్మిది తగ్గింది.