జవాబు: ఇంటర్వెల్‌లో పిల్లలు పేర్లు పెట్టి ఏడిపించుకుంటుంటే

అక్కా, కాజీపేటలో మీ నాలుగో తరగతి పిల్లలు ఇంటర్వెల్ కాగానే 'పొట్టోడా', 'నల్లోడా' అని పిలుచుకోవడం, ఒక పాపను ఖోఖోలో చేర్చుకోకపోవడం, సారీ చెప్పించినా మళ్లీ అదే కథ అని రాశారు కదా. సారీతో ఇది ఆగదు.

ముందు జట్లు ఎట్ల పడుతున్నాయో చూడండి. ఇద్దరు లీడర్లు పిల్లల్ని ఏరుకుంటూ పోతే చివర మిగిలేది రోజూ ఆ పాపే, సగం గొడవ అక్కడే మొదలవుతుంది, కాబట్టి ఒకటి రెండు, ఒకటి రెండు అని లెక్కబెట్టి పంచేయండి. ఖోఖోలో ఎనిమిది మంది కూర్చుంటే ఒకరు తరుముతారు, మీ దగ్గర జట్టుకు పది మంది ఉంటే పది మందినీ ఆడించండి, మనదేమన్నా స్టేట్ మీటా?

తర్వాత మాటలు నేర్పండి. 'మంచిగ మాట్లాడండి' అంటే పిల్లలకు ఏమీ అర్థం కాదు. 'అట్ల పిలవకు, నా పేరుతో పిలువు' అని గట్టిగా అనడం, పక్కనున్నోళ్లు 'రా, మా దిక్కు ఆడు' అనడం క్లాసులో నాటకంలా ఆడించండి, ఏడిపించేవాడికి కూడా ఏడ్చేవాడి వేషం ఇవ్వండి.

ప్రేయర్‌లో నిలబెట్టి తిట్టడం మాత్రం వద్దు. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17 పిల్లల్ని మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. పైగా ఆ కోపం మళ్లీ ఆ పాప మీదికే వస్తుంది.

ఇంటర్వెల్‌లో ఒక టీచర్ నల్లాల దగ్గర నిలబడేటట్టు చూడండి, స్టాఫ్‌రూమ్ కిటికీలోంచి అక్కడి మాటలు వినబడవు.